ముందు ఇంకొకరి పేరు

మొదట చప్పుడే వినిపించేది. చర్చి కింది హాల్లో, సిమెంటు నేల మీద ఇనుప మడతకుర్చీని ఎవరో ఈడుస్తున్న కీచుమోత. అది మెట్లెక్కి పైకొచ్చి వచ్చేవాళ్ళ పళ్ళకు తగిలేది. ఒక కుర్చీ, కాస్త విరామం, ఇంకో కుర్చీ. మధ్యమధ్యలో ఒక బొంగురు గొంతు. పాట కాదు, పాటకు ముందు గొంతు సవరించుకోవడం లాంటిది. మెట్లు దిగుతూనే కెటూరా మేబ్రీ ఆ చప్పుడును బట్టి చెప్పగలిగేది, అంకుల్ లూషస్ ఇవాళ మోకాలి నొప్పితో ఉన్నాడో, హుషారుగా ఉన్నాడో. ఆ శనివారం మాత్రం ఏదీ తెలియలేదు. కుర్చీలు ఒకసారి మరీ తొందరగా, ఒకసారి మరీ నెమ్మదిగా కదిలాయి.

"వచ్చావా తల్లీ. ఆ తలుపు నెట్టెయ్. ఏసీ గాలంతా వీధి తాగేస్తోంది."

లూషస్ పెట్‌వే పొడవాటి మనిషి. డెబ్భై దగ్గరపడుతున్నాయి. గుమ్మాల దగ్గర తల వంచి వంచి, గుమ్మం లేనిచోట కూడా తల వంచే నడుస్తాడు. కళ్ళద్దాలకు బూటు తాడు కట్టి మెళ్ళో వేసుకుంటాడు. మెంఫిస్ నగరం దక్షిణాన ఏ చర్చికి వెళ్ళినా, ఏ అంత్యక్రియల భోజనంలో కూర్చున్నా, "మావాళ్ళ గురించి పేపర్లో రాసింది ఈయనే" అని ఎవరో ఒకరు వేలు చూపిస్తారు. ఆయన ఏం రాశాడో మాత్రం ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. ఆయన తమ పేరును తప్పులేకుండా రాశాడన్నది గుర్తుంటుంది.

ప్రతి శనివారం ఆ హాల్లో చేరేవాళ్ళు అందరూ ఫ్రీలాన్సు జర్నలిస్టులు. ఆఫీసు లేదు, జీతం లేదు, సెలవు లేదు. ఎక్కడో దూరాన కూర్చున్న ఎడిటర్‌కు ఒక ఆలోచన పంపడం, ఎదురుచూడడం, సరేనంటే రాయడం, రాశాక మళ్ళీ ఎదురుచూడడం. తెల్లవాళ్ళు కాకపోవడం ఒక్కటే వాళ్ళందరికీ ఉమ్మడి. చాలామంది నల్లవాళ్ళు. ఇట్సెల్ బాయెసా వాళ్ళ అమ్మానాన్నలు మెక్సికో నుంచి వచ్చారు. చెమ్చా మునిగేంత చక్కెర వేసిన టీ జాడీ ఒకటి, బల్ల మీద మొక్కజొన్న రొట్టె. గోడకు గత ఈస్టరు నాటి ఊదారంగు కాగితాలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఒకటి ఎప్పుడూ ఎక్కువ ఉండేది. దానిలో ఎవరూ కూర్చోరు. లూషస్ పెట్టిన ఆచారం అది. ఏ ఎడిటర్ అయినా పని ఇస్తానని ఫోను చేస్తే, ఆ ఫోను పెట్టేసేలోగా మనలో ఇంకొకరి పేరు చెప్పి తీరాలి. శనివారం వచ్చి తన కబుర్లు మొదలుపెట్టేముందు "ఒకరిని కూర్చోబెట్టాను" అనాలి. ఎవరిని అన్నది చెప్పకూడదు. ఎవరూ అడగకూడదు.

"నేనొకరిని కూర్చోబెట్టాను," అన్నాడు రేడియోకు వార్తలు చేసే జమార్కస్.

"వాడు బతికే ఉన్నాడా?" అంది ఇట్సెల్. "పోయినసారి నువ్వు నోరుజారి బయటపెట్టినాయన నర్సింగు కాలేజీలో చేరి ఏడాదైంది."

"అయితే ఏం? నర్సులు వార్తలు రాయకూడదా?"

"రాయొచ్చు. చేతిరాత మాత్రం ఎవరికీ అర్థం కాదు."

"అది డాక్టర్లమ్మా," అన్నాడు లూషస్, రొట్టె తుంచుతూ. "నర్సులే వాళ్ళ రాత చదివిపెట్టేది. మన ఎడిటర్లకన్నా ఓపికమంతులు."

ఎవరికైనా ఉన్నట్టుండి కొత్త చోటి నుంచి పిలుపొస్తే, ఆ శనివారం వాళ్ళు వచ్చి చుట్టూ ముఖాలన్నీ చూసేవాళ్ళు. ఒకరు పైకప్పు చూస్తుండేవాళ్ళు, ఒకరు టీ కప్పు అంచు కొరుకుతుండేవాళ్ళు. ఎవరు తన పేరు చెప్పారో తెలియని ఆ కాసేపూ, అందరూ చెప్పినట్టే ఉండేది. ఆ తెలియకపోవడమే తమను అక్కడ కూర్చోబెడుతోందని కెటూరాకు చాలాసార్లు అనిపించింది. ఒకసారి అడిగింది, ఎందుకు చెప్పకూడదని.

"ఎవరు నీకు మేలు చేశారో తెలిసిందనుకో," అన్నాడు లూషస్, "రేపు వాళ్ళ వ్యాసం చప్పగా ఉందని నోరు తెరిచి అనగలవా? అనలేవు. అప్పుడు ఈ గదిలో మిగిలేది రొట్టె ఒక్కటే."

ఆ ఆచారానికి వెనకాల ఉన్న సంగతి అందరికీ తెలుసు, ఆయన ఎన్నడూ పూర్తిగా చెప్పకపోయినా. కుర్రతనంలో ఆయన ఒక దినపత్రికలో పనిచేశాడు. అంత పెద్ద హాల్లో ఆయనొక్కడే నల్లవాడు. నల్లవాళ్ళ పేటల్లో ఎక్కడ కాల్పులు జరిగినా ఆయనే, ఎక్కడ పెద్దావిడ నూరేళ్ళ పండగ చేసుకున్నా ఆయనే. ఫిబ్రవరి వచ్చిందంటే నల్లవాళ్ళ చరిత్ర నెల కాబట్టి ఆయనకు ఊపిరాడేది కాదు, మార్చి వచ్చిందంటే పనే ఉండేది కాదు. ఒకరోజు ఎర్నెస్టీన్ అనే అమ్మాయి ఉద్యోగం కోసం వచ్చింది. తను రాసిన వ్యాసాలు గోధుమరంగు కవర్లో పెట్టుకుని, చేతికి తొడుగులు వేసుకుని వచ్చిందట. గాజు తలుపు అవతల ఎడిటర్ నవ్వుతూ ఆమెతో అన్నమాట లూషస్ చెవిన పడింది. "మాకు లూషస్ ఉన్నాడుగా."

మరుసటి రోజు ఆ అమ్మాయి వ్యాసాలు తనే పట్టుకెళ్ళి ఇంకో పత్రికలో ఇచ్చాడు. ఆమెకు అక్కడ ఉద్యోగమైంది. కొన్నాళ్ళకు దినపత్రిక మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు ముందుగా తీసేసింది లూషస్‌ని. ఆ తర్వాత ఆయన హైస్కూలు ఫుట్‌బాలు రాశాడు, మరణవార్తలు రాశాడు, చర్చిల వార్షికోత్సవ సంచికలు రాశాడు. ఎక్కడ రాస్తున్నా, ఎవరు ఫోను చేసినా, ముందు ఇంకొకరి పేరు చెప్పేవాడు. అలా చెప్పగా చెప్పగా ఊళ్ళో ఒక తరం విలేకరులు తయారైంది. వాళ్ళలో కొందరు పెద్ద నగరాలకు వెళ్ళిపోయారు. ఆయన ఇక్కడే, ఈ మెట్ల కింద, కుర్చీలు ఈడుస్తూ ఉండిపోయాడు.

ఆ శనివారం కెటూరా తన వంతు వచ్చినప్పుడు "ఎవరినీ కూర్చోబెట్టలేదు, నాకెవరూ ఫోను చెయ్యలేదు" అంది. ఇంకోమాట చెప్పాలని వచ్చి చెప్పలేకపోయింది. ఒక ఆస్పత్రి ప్రచార విభాగంలో ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నారు. వచ్చే శుక్రవారంలోగా బదులు చెప్పాలి. అది మంచి ఉద్యోగం, చెడ్డదని ఎవరూ అనలేరు. నవ్వుతున్న డాక్టర్ల గురించి, కొత్త స్కానింగ్ యంత్రాల గురించి రాయాలి. ఊ అంటే ఇక ఈ గదిలోకి రావడానికి కారణం ఉండదు. కోర్టుల గురించీ, బళ్ళ గురించీ, వానొస్తే మునిగే ఇళ్ళ గురించీ ఇన్నేళ్ళు రాసిన చెయ్యి వేరే చెయ్యి అయిపోతుంది. వద్దనడానికి ఆమె దగ్గర ఏ కారణమూ లేదు, ఎదురుచూడ్డం తప్ప. ఎదురుచూడ్డం కూడా ఒక వయసు వరకే అందంగా ఉంటుంది.

మంగళవారం ఫోను మోగింది.

గాలివాన సైరన్లు పరీక్షించే మధ్యాహ్నం అది. ఊరంతా ఒకే పొడుగాటి కూతలో మునిగి ఉంది. ఆకాశం మాత్రం తుడిచిన పళ్ళెంలా ఉంది. ఆ కూత మధ్యలో ఫోనులో గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు వినబడింది. ఉత్తరాదిన ఒక పెద్ద మాసపత్రిక. హోలిస్ బ్రాంట్ అనే ఎడిటర్.

"మీ ఊళ్ళో నది ఒడ్డున ఒక పేట ఉందటగా. బాటమ్స్ అంటారట. గోదాముల కోసం ఇళ్ళన్నీ కొనేస్తున్నారని విన్నాను."

"ఉంది. సగం ఇప్పటికే ఖాళీ."

"ఒక ఏడాదిపాటు ఆ పేటలో తిరిగి, చివరి ఇల్లు పోయేదాకా రాసే మనిషి కావాలి. ఒప్పందం రాసుకుంటాం. ఋతువుకొక పెద్ద వ్యాసం. మాకు మీలాంటి గొంతు కావాలి."

"నాలాంటి అంటే?"

సైరను ఆగింది. ఆగాక కూడా చెవిలో అది ఉంది.

"అక్కడివాళ్ళ గొంతు అని," అంది ఎడిటర్. "తప్పుగా అన్నానా?"

తప్పో కాదో కెటూరాకు తెలియలేదు. తను రాసినది చదివి పిలుస్తోందా, తన ఒంటిరంగు చూసి పిలుస్తోందా? రెండూ అయితే ఏది ముందు? ముందూ వెనకా తేడా ఉంటుందా? ఈ ప్రశ్నలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ గుమ్మంలో ఇరుక్కున్నాయి. గుండె మాత్రం వాటికోసం ఆగలేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసింది దీనికే. నోరు తెరిచింది. అందులోంచి వచ్చింది అలవాటు.

"మీరు ఇట్సెల్ బాయెసాతో కూడా మాట్లాడాలి. చాలా బాగా రాస్తుంది. నంబరిస్తాను."

"ఓ," అంది ఎడిటర్. "అలాగా. సరే. థాంక్యూ."

ఫోను పెట్టేశాక కెటూరా చాలాసేపు సంతోషంగా ఉంది. బట్టలు మడతపెట్టింది, కిటికీ తుడిచింది. సాయంత్రానికి ఏదో తేడాగా అనిపించింది. తను ఊ అందా? ఆ మాటలన్నీ మొదటినుంచి మళ్ళీ గుర్తుచేసుకుంది. వాటిలో ఎక్కడా ఊ లేదు. చెప్పినట్టే గుర్తు, కానీ చెప్పిన చోటు కనబడటం లేదు. వెంటనే తిరిగి ఫోను చేస్తే ఆత్రంగా ఉంటుందేమో అనుకుంది. ఇట్సెల్‌తో మాట్లాడనిచ్చి చేస్తే మర్యాదగా ఉంటుందేమో అనుకుంది. బుధవారం అలా అనుకోవడంలోనే గడిచింది.

గురువారం మళ్ళీ ఆ గొంతు.

"మిస్ మేబ్రీ, నాకేం అర్థం కావడం లేదు. కోప్పడకండి, నిజంగానే అడుగుతున్నాను. మీకు చేస్తే మీరు మిస్ బాయెసా పేరు చెప్పారు. ఆవిడకి చేస్తే మిస్టర్ పెట్‌వే పేరు చెప్పింది. ఆయనకి చేస్తే నన్ను మాట పూర్తి చెయ్యనివ్వలేదు, 'కెటూరా మేబ్రీ' అన్నాడు. తిరిగి తిరిగి మీ దగ్గరికే వచ్చాను. మీ ఊళ్ళో ఎవరికీ ఈ పని వద్దా?"

కెటూరా గోడకు ఆనుకుంది.

"మీకు ముందు ఎవరి పేరు ఇచ్చారు?" అని అడిగింది.

"మూడు పేర్లూ ఉన్న కాగితం ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఎవరిచ్చారో చెప్పలేను. పైన ఎవరి పేరుందో గుర్తులేదు కూడా. ఎందుకు?"

"ఏం లేదు."

"రేపు మధ్యాహ్నంలోగా చెప్పండి. లేదంటే ఇక్కడినుంచే ఒకర్ని పంపుతాం."

ఇక్కడినుంచే అంటే ఎవరిని పంపుతారో కెటూరాకు తెలుసు. మనిషి తెలియకపోయినా కెమెరా సంచీ తెలుసు, బూట్లు తెలుసు, వారం రోజుల్లో వెళ్ళిపోవడం తెలుసు. వెంటనే ఇట్సెల్‌కు ఫోను చేసింది.

"నీకు వచ్చిన పని నా మీదికి ఎందుకు తోశావే?" అంది ఇట్సెల్, ఆమె నోరు తెరవకముందే.

"తొయ్యలేదు. కూర్చోబెట్టాను."

"నేనూ అదే చేశాను. చేశాక ఆవిడ 'ఓ' అంది. ఆ 'ఓ' నాకు నచ్చలేదు. పిల్లలు నడకలో పడబోతే అంటామే, ఆ 'ఓ'."

"నాక్కూడా అదే 'ఓ' అంది. ఇట్సెల్, నీకు కావాలా అది?"

"నాకు బాటమ్స్‌లో కుక్క కూడా తెలియదు. వెళ్ళి నిలబడితే ఇళ్ళు కొనడానికొచ్చాననుకుంటారు. అది పెద్దాయన పని కెటూరా. ఆయన అక్కడే పుట్టాడు. అందుకే ఆయన పేరు చెప్పాను." కాస్త ఆగింది. "ఆయన నీ పేరు చెప్పాడా? ముసలాడు. ఇక చూసుకో, పదవీ విరమణ పండక్కి కూడా ఇంకొకర్ని పంపుతాడు."

ఆ రాత్రి కెటూరాకు ఒకటే ఆలోచన. ఆ పని లూషస్‌ది. ఆ పేట ఆయనది, ఆ ఇళ్ళ పేర్లు ఆయనవి. తను తీసుకుంటే ఆయన ఏడాదిని తీసుకున్నట్టు. తను వద్దంటే, ఆయనా వద్దంటే, అది ఎవరిదీ కాకుండా పోతుంది. తను వద్దని ఆస్పత్రికి వెళ్ళిపోయి ఆయన్ని ఒప్పిస్తే? ఆయన ఒప్పుకోకపోతే తనకు ఇదీ ఉండదు. ఆయన అసలు కావాలనుకుంటున్నాడా? ఇన్నేళ్ళలో ఆయనకేం కావాలో ఎవరైనా అడిగారా? తను అడిగిందా? నిద్రలో కూడా ఇల్లు ఇల్లుగా ఆ పేట కదిలిపోతూ, ఏ ఇంటి తలుపు ఏ ఇంటిదో తెలియకుండా పోయింది.

శుక్రవారం పొద్దున్న ఆయన ఇంటికి వెళ్ళింది.

వెనక వాకిట్లో లూషస్ నూనె పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. మొక్కజొన్న పిండి పట్టించిన క్యాట్‌ఫిష్ ముక్కలు ఒక్కొక్కటే వేస్తున్నాడు. పొరుగింటావిడ కొడుకు పోయాడట, సమాధి నుంచి వచ్చేవాళ్ళ భోజనానికి చేపలు ఆయన ఒప్పుకున్నాడు. పక్క బల్ల మీద పెద్ద గిన్నెలో ఎర్రటి స్పగెట్టి, తెల్ల బ్రెడ్డు, కారపు సీసా. రేడియోలో బేస్‌బాల్ ఆట గురించి ఇద్దరు కొట్లాడుకుంటున్నారు.

"కూర్చో తల్లీ. ఆ నూనెకు దూరంగా. నీది మంచి చొక్కా."

"అంకుల్ లూషస్, హోలిస్ బ్రాంట్ మీకు ఫోను చేసిందా?"

"చాలామంది చేస్తారు."

"నా పేరు చెప్పారా?"

"అది అడక్కూడదు. ఆ రూలు పెట్టింది ఎవరనుకున్నావ్?"

"ఆవిడే చెప్పింది. మీరు మాట కూడా పూర్తి చెయ్యనివ్వలేదట."

లూషస్ చేప ముక్క తిరగేశాడు.

"ఆ కాగితం మీద ముగ్గురి పేర్లూ రాసిచ్చింది మీరేనా?"

"కాదు." ఆ మాట ఎంత తొందరగా వచ్చిందంటే నిజమో కాదో ఆమెకు తెలియలేదు. "అయినా కాదనే చెబుతాను. కాబట్టి నా మాటకు విలువ లేదు. ఇంకోటి అడుగు."

"మీకు కావాలా అది?"

"చేపలు మాడతాయి, ఉండు."

"మాడవు. మీరు ఇప్పుడే తిరగేశారు. కావాలా, వద్దా? కావాలంటే ఇప్పుడే ఆవిడకి చేసి మీదే అని చెబుతాను. నాకు ఇవాళ ఇంకో చోట కూడా బదులు చెప్పాలి. ఆస్పత్రిలో ఉద్యోగం. ఎవరికీ చెప్పలేదు."

ఆయన ఆమెవైపు తిరిగాడు. కళ్ళద్దాలకు ఆవిరి పట్టి ఉంది. వాటి వెనక ఏముందో కనబడలేదు.

"ఆస్పత్రా," అన్నాడు. "మంచి తిండి పెడతారు అక్కడి క్యాంటీనులో. పీచ్ పండ్లు పెట్టి కాల్చిన తీపి బాగుంటుంది."

"అంకుల్ లూషస్."

"వింటున్నాను. ఎప్పుడో, నువ్వింకా ఎత్తు చెప్పులు వేసుకోని రోజుల్లో, షికాగో నుంచి ఒక పత్రిక పిలిచింది నన్ను. రెండుసార్లు పిలిచింది. మొదటిసారి చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించాను. మా అక్క కోడిని వేయించి డబ్బాలో పెట్టింది, బస్సులో తినమని. ఫోనులో ఆ మనిషి 'ఎప్పుడొస్తావ్' అన్నాడు. నేను వెండెల్ అనే కుర్రాడి పేరు చెప్పాను. నోటికి అదే వచ్చింది. వెండెల్ వెళ్ళాడు. ఆ కోడి కూడా వాడే తిన్నాడు."

"రెండోసారి?"

"అప్పటికి అలవాటైంది." ఆయన నవ్వాడు, ఒక చేపను కాగితం మీదికి జారుస్తూ. "అందరూ నన్ను దొడ్డ మనిషన్నారు. చర్చిలో చప్పట్లు కొట్టారు. కానీ తల్లీ, షికాగోవాడు ఫోనులో అడిగినప్పుడు నా నోటికి 'వస్తాను' అన్న మాట రాలేదు. అది మంచితనమో, భయమో, ముందురోజు తిన్న పంది చెవులో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. తేల్చుకుందామనుకునేలోగా ఇంకొకరు ఫోను చేసేవాళ్ళు."

రేడియోలో నిన్నటి ఆట మళ్ళీ వినిపిస్తున్నారు, ఎవరో బంతి బయటికి కొట్టారు. జనం హోరు చిన్న డబ్బాలో ఇరుక్కున్న నదిలా ఉంది.

"అయితే మీ రూలు..." అంది కెటూరా. మాట వెతుక్కుంది. "మీ రూలులో ఊ అనడం ఎక్కడుంది?"

ఆయన చెయ్యి నూనె మీద ఆగింది.

"ఉందనుకున్నాను," అన్నాడు. "ముందు ఊ అనేసి, తర్వాత పేరు చెబుతారనుకున్నాను. అది చెప్పాల్సిన సంగతి అని నాకు తట్టలేదు. మీరంతా నన్ను చూసి నేర్చుకున్నారు కదా."

కెటూరా వెనక్కి తలుచుకుంది. ఇన్నేళ్ళు శనివారాలు ఎంతమంది, ఎన్ని ఫోనులు, ఎన్ని 'ఓ'లు. వాటిలో ఎన్ని పనులు ఇలా గుండ్రంగా తిరిగి తిరిగి ఎవరి ఒళ్ళోనూ పడకుండా జారిపోయి ఉంటాయో లెక్క చెప్పేవాళ్ళు లేరు. ఆ గది తనను నిలబెట్టింది, అది నిజం. ఆ గదే తనను వెనక్కి లాగిందా, అదీ నిజమేనా? రెండూ ఒకే మనిషి చేతుల్లో ఉంటే ఆ మనిషిమీద ఏం పెట్టుకోవాలి? ప్రేమ, కోపం రెండూ ఒకే గొంతుతో వచ్చి నిలబడ్డాయి. దేనికీ ఆమె కూర్చోమని చెప్పలేకపోయింది.

"నేను వద్దంటే మీరు తీసుకుంటారా?" అంది చివరికి.

"తెలియదు."

"అది బదులు కాదు."

"నా దగ్గర ఉన్న బదులు అదే. వేరేది ఉంటే దాచుకుని ఏం చేసుకుంటాను? బాటమ్స్ నాకు ఇల్లు. అక్కడికెళ్ళి రోజూ నిలబడి, మా అమ్మ ఇంటి మెట్లు ఊడదీస్తుంటే రాసుకోగలనా? పొద్దున్న రాయగలను అనిపిస్తుంది. మధ్యాహ్నం కాళ్ళు వద్దంటాయి. నువ్వైతే రాయగలవు. అది పేరు చెప్పడం కాదు, నిజం. నువ్వు వాన వచ్చినప్పుడల్లా ఆ ఇళ్ళలోకి వెళ్ళావు. జనం నీకు తలుపు తీశారు. నాకూ తీస్తారు, కానీ నేను ఎవరి కొడుకునో తెలుసు కాబట్టి అబద్ధాలు చెబుతారు."

అది మెప్పా, తప్పించుకోవడమా అని కెటూరా ఆయన ముఖం చూసింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. అద్దాలు లేని ఆ కళ్ళు చిన్నవిగా, ఎవరివో అన్నట్టుగా ఉన్నాయి. ఆ ముఖం నుంచి ఏ బదులూ రాదని ఆమెకు అర్థమైంది. ఆయన దగ్గరే లేనిది ఆయన ఇవ్వలేడు. ఎదురుచూస్తే మధ్యాహ్నం వస్తుంది, కెమెరా సంచీ వస్తుంది.

ఆమె ఫోను తీసి నంబరు నొక్కింది. అవతల రెండుసార్లు మోగింది.

"హోలిస్ బ్రాంట్."

"కెటూరా మేబ్రీని. నేను చేస్తాను."

అనగానే నోట్లో ఒక ఖాళీ తెరుచుకుంది. ఇన్నేళ్ళ అలవాటు ఆ ఖాళీలోకి పేరు కోసం చెయ్యి చాచింది. లూషస్ పెట్‌వే అన్న రెండు మాటలూ నాలుక మీద ఉప్పులా నిలిచాయి. ఎదురుగా ఆయన చేతిలోని జల్లెడ గరిటె నుంచి నూనె బొట్లుబొట్లుగా రాలుతోంది. ఆయన ఆమె పెదాల వైపే చూస్తున్నాడు. చెప్పమనా, వద్దనా, ఆ చూపులో తెలియలేదు.

"ఇంకా ఏమైనా ఉందా?" అంది ఎడిటర్, ఈసారి జాగ్రత్తగా.

"లేదు," అంది కెటూరా. "అంతే. నేను చేస్తాను."

"హమ్మయ్య," అంది అవతలి గొంతు. "సోమవారం కాగితాలు పంపుతాను."

ఫోను పెట్టేశాక ఆమె చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పడుకున్నాయి. సంతోషం వచ్చింది. కానీ అది వేరొకరి ఇంటికి వచ్చిన చుట్టంలా గుమ్మం దగ్గరే నిలబడి అటూ ఇటూ చూస్తోంది. ఆయనకు క్షమాపణ చెప్పాలా, థాంక్స్ చెప్పాలా? చెప్పకూడదన్న రూలుంది కదా. ఆ రూలు ఇప్పుడుందా?

లూషస్ పొయ్యి మంట తగ్గించాడు. చేపల మీద కాగితం కప్పాడు. పొరుగింటి ముందు నల్ల బట్టల్లో జనం ఒక్కొక్కరే కార్లు దిగుతున్నారు. ఎవరో ఆయన్ని చూసి చెయ్యెత్తారు, ఆయనా ఎత్తాడు. ఆ చెయ్యి దించకుండానే, ఆమెవైపు తిరగకుండానే అన్నాడు.

"నిజం చెప్పనా తల్లీ. నువ్వు 'నేను చేస్తాను' అన్నావ్ చూడు, అప్పుడు తెలిసింది, అది నాకు కావాలనే ఉండిందని. అంతకుముందు దాకా నిజంగా తెలియదు. ఇప్పుడు నువ్వు జాలిపడి మళ్ళీ ఆవిడకి ఫోను చేసి నా పేరు చెప్పావనుకో, ఈ వాకిట్లో అడుగుపెట్టనివ్వను. ఆ చేపల పళ్ళెం పట్టు, వాళ్ళు ఆకలితో వచ్చారు."